మంజీర యొడ్డున మకరము

చదువవలసిన వాక్యభాగములు: యోబు 38:39 మొదలు 39:30 వరకు, యోబు 41వ అధ్యాయము, మత్తయి 6:25–34, లూకా 3:10–14.

ఈ నెల పాఠమునకు మేము ముందుగా అనుకొన్న భాగము వేరు. నవంబరు నెలలో సండేస్కూలు పిల్లలతో చేసిన ఒక దినపు ప్రయాణము ఆ తలంపును మార్చినది. పైని వాక్యభాగములను ఇంటిలో అందరు వినునట్లు గట్టిగా చదివిన తరువాతనే దీనిని చదువుడని కోరుచున్నాము.

పిల్లలను ఎక్కడికి తీసికొని వెళ్లవలెనను విషయమై సంఘపెద్దల కూటములో గంటసేపు వాదము జరిగినది. నగరము చుట్టు ఇటీవల వెలసిన తోటలలో ఒకదానికి పోవుదమని యౌవనస్థులు అనిరి. అక్కడ పూలమడులు, ఊయెలలు, కుందేళ్లు, బాతులు, పొట్టి గుఱ్ఱములు ఉండునట. టిక్కెట్టు కొన్నవారు మేకపిల్లకు సీసాతో పాలు పట్టవచ్చునట. ఇది వినగానే స్త్రీల సమాజములోని ఒక ముసలితల్లి, “మేకను చూడనీకి పైసలిస్తరా అయ్యగారూ? మా ఇంటికి రమ్మనుండ్రి. పాలు పట్టుడే కాదు, పెంటికలు గూడ ఎత్తిపిస్త” అనెను. అందరును నవ్విరి.

అయితే ఇంటికి వచ్చిన తరువాత వ్రేళ్లమీద లెక్కించి చూచితిమి. మా ఊరిలో మేకలున్న ఇండ్లు ఇప్పుడు నాలుగే. ఎడ్లున్న ఇల్లు ఒక్కటి. కంపెనీలలో పనికి పోవువారి పిల్లలలో చాలమంది మేకపిల్లను ఎత్తుకొని యెరుగరు. టిక్కెట్టు కొనుదమన్న యౌవనస్థులు పూర్తిగా వెర్రివారు కారు. తుదకు ఆ తోటకు కాక, కొద్ది ఖర్చుతో, సంగారెడ్డికి దగ్గరనున్న మంజీర అభయారణ్యమునకు వెళ్లుటకు తీర్మానమైనది. ఒక డీసీఎం బండి మాటలాడుకొని, పులిహోర, ఉడికిన గుడ్లు కట్టుకొని శనివారము ఉదయమున బయలుదేరితిమి.

దారిలో ఇరుప్రక్కల చామంతి చేలు విరగబూసి యుండెను. పసుపు, తెలుపు, ఎఱుపు. పిల్లలు బండి ఆపుమని అరచిరి. గట్టుమీద నిలిచిన రైతు వారిని అడ్డగించలేదు గాని, గుడిమల్కాపురం పూల మార్కెట్టులో నాటి ధర ఎంత పడిపోయెనో మాతో చెప్పుకొని బాధపడెను. నారు ఖర్చు, మందుల ఖర్చు, కోత కూలి, బండి కిరాయి, ఇవన్నియు పోగా మిగులునది తక్కువ. ఆ చేను ప్రక్కనే, రోడ్డు గట్టుమీద తంగేడు పూసి యున్నది. దానిని ఎవరును నాటలేదు, ఎవరును నీరు పోయలేదు. ఎండిపోవుచున్న గునుగు దాని క్రింద వెండి దువ్వెనలవలె నిలిచి యున్నది.

ప్రభువు కొండమీద బోధించినప్పుడు చూపినవి ఏ పువ్వులు? మన తెలుగు బైబిలులో అవి అడవిపువ్వులు. రాజుల ఉద్యానవనములోనివి కావు, అంగడికి పోవునవి కావు. రేపు పొయ్యిలోనికి పోవు గడ్డితోపాటు పెరిగిన పువ్వులు. ఏమి తిందుము, ఏమి కట్టుకొందుమని రాత్రింబగళ్లు లెక్కలు వేసికొను కూలిజనులకు ఆయన వాటిని చూపించెను. తంగేడును 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పముగా ఎంచుకొనిరి. ఎంచుకొనక పూర్వమును అది ఇట్లే పూచుచుండెను. పెంచిన పువ్వులకు మేము విరోధులము కాము, మా ఆలయములో బల్లమీద ప్రతి ఆదివారము ఉండునవి చామంతులే. అయినను మత్తయి 6వ అధ్యాయము చదివినప్పుడు మన పిల్లల కన్నులయెదుట గులాబి గాక తంగేడు నిలువవలెనని మా కోరిక.

కల్పగూరు చేరునప్పటికి పది గంటలైనది. పిల్లలకు ముందుగా నదిని గూర్చి చెప్పితిమి. మంజీర మహారాష్ట్రమందలి బీడ్ జిల్లాలో బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమున బీదరు జిల్లాగుండ ప్రవహించి, మన ప్రాంతమున ప్రవేశించి, 724 కిలోమీటర్లు నడచి, కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. 1931లో పూర్తియైన నిజాంసాగరు ఈ నదిమీదనే యున్నది. 1965 నుండి హైదరాబాదు సికింద్రాబాదు నగరములు ఈ నీటిని త్రాగుచున్నవి. ఇప్పుడు సింగూరు ఆనకట్టకును మంజీర బ్యారేజికిని నడుమనున్న భాగమును 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము 20 చదరపు కిలోమీటర్లు. నీటి నడుమ తొమ్మిది చిన్న దీవులున్నవి. పుట్టిగడ్డ, బాపనగడ్డ, సంగమగడ్డ, కరణంగడ్డ అని వాటికి ఊరి పేర్లవంటి పేర్లు. చలికాలములో కొంగలు, బాతులు వేలకొలది దిగును. తలపై రెండు నల్లని చారలుగల పెద్ద బాతులు హిమాలయముల కావలినుండి వచ్చును. మా పిల్లలు వాటి దూరమును వినక, పులిహోర ఎప్పుడని అడిగిరి.

కంచె వేసిన కుంట యొద్ద మాత్రము అందరును నిశ్శబ్దులైరి. మొదట అక్కడ మొసలి యున్నట్లే వారికి కనబడలేదు. బండరాయి అనుకొనిరి. ఆ బండరాయి కన్ను తెరచెను. తరువాత నోరు తెరచి, తెరచినది తెరచినట్లే ఉంచెను. “ఆకలైతుందా దానికి?” అని ఒక పిల్లవాడు అడిగెను. ఆకలి కాదనియు, ఒంటిలోని వేడిని నోటిద్వారా పోగొట్టుకొనుచున్నదనియు అక్కడి కావలివాడు చెప్పెను. ఇది మగ్గరు జాతి మొసలి, మంచినీటి మడుగులలో బ్రతుకునది. ఆడమొసలి ఎండకాలమునకు ముందు ఒడ్డున గుంట త్రవ్వి, ఇరువది ముప్పది గ్రుడ్లు పెట్టి, మన్ను కప్పి, సుమారు రెండు నెలలు కావలి కాయును. గుంటలోని వేడిమి కొంచెము హెచ్చుటను తగ్గుటను బట్టి పిల్లలు ఆడవియో మగవియో అగును. గ్రుడ్లలోనుండి పిల్లలు కూయగా తల్లి విని, మన్ను తొలగించి, ఆ పండ్లున్న నోటిలోనే పిల్లలను పెట్టుకొని నీటికి మోయును. ఒక్క పిల్లకును గాటు పడదు. ఇది విని మా అమ్మగారు, “మన పిల్లలను స్నానానికి మోసేటప్పుడు ఇంకా ఎక్కువ గోల” అని నవ్విరి.

ఇప్పుడు యోబు 41వ అధ్యాయము తెరువుడి. హెబ్రీ భాషలో ఆ జంతువు పేరు లివ్యాతాను. అది సముద్రపు మహాజంతువని కొందరు పండితులును, మొసలియేయని కొందరును చెప్పుదురని సెమినరీలో మా గురువులు బోధించిరి. మన తెలుగు అనువాదకులు మకరము అని వ్రాసిరి. సందులేని ఆ పొలుసులను, ఆ పండ్ల వరుసను కంచె యివతలనుండి చూచిన దినమున అనువాదకుల పక్షముననే నిలిచితిమి.

యోబు అడిగినదేమి? బిడ్డలను, పశువులను, ఆరోగ్యమును పోగొట్టుకొని, నాకెందుకిట్లు జరిగెనని అడిగెను. దేవుడు దానికి కారణము చెప్పలేదు. మనము ఆ గ్రంథమును ఎన్నిసార్లు చదివినను ఈ చోట ఆగిపోవుదుము. ఆయన యోబును చెయ్యిపట్టి తీసికొనిపోయి జంతువులను చూపించెను. సింహము, కాకి, కొండమేక, అడవిగాడిద, నిప్పుకోడి, గుఱ్ఱము, డేగ, తుదకు నీటిగుఱ్ఱము, మకరము. ఇంచుమించుగా ఇది పిల్లలను జంతువులను చూపుటకు తీసికొనిపోయిన తండ్రి పని. అయితే ఆ వరుసలో యోబు ఇంటిలోని గొఱ్ఱె లేదు, కాడి మోయు ఎద్దు లేదు. గుఱ్ఱమొక్కటి తప్ప, మనుష్యునికి ఉపయోగపడునది ఏదియు లేదు. మకరము పాలియ్యదు, దున్నదు, బండి లాగదు. అయినను దాని కాళ్లను, కంఠమును, ఊపిరిని దేవుడు ఒక్కొక్కటిగా వర్ణించుచు, ఒక అధ్యాయమంతయు దానికిచ్చెను. తాను చేసిన పనిని చూచి సంతోషించు కమ్మరి మాటవలె ఆ మాట వినబడును. మనకు పనికిరాని దానియందు ఆయనకు ఆనందమున్నదని యోబు నేర్చుకొనెను.

మనుష్యుడు మకరమునందు చూచినది దాని చర్మమును మాత్రమే. చెప్పులకు, సంచులకు దానిని వేటాడి, మన దేశపు నదులలో దాదాపు లేకుండ చేసెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దాని వేటను నిషేధించెను. 1975లో భారత ప్రభుత్వము ఐక్యరాజ్య సమితి సహాయముతో మొసళ్ల రక్షణ పథకము ఆరంభించెను. గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలు కొంత ఎదుగువరకు పెంచి నదులలో విడిచిరి. మంజీరలోని మొసళ్లు ఆ పనియొక్క ఫలమే. ఆదికాండము 2:15లో మనుష్యునికి తోటలో రెండు పనులు అప్పగింపబడినవి, దున్నుట యొకటి, కాచుట యొకటి. దున్నుట మన తండ్రులు మనకు నేర్పిరి. కాచుట ఎట్లుండునో మా పిల్లలు మొదటిసారి చూచినది ఆ కంచె యొద్దనే.

ఇక్కడ పాఠము ముగించి ఇంటికి రావలెనని మా ఉద్దేశము. భోజనమునకు కూర్చుండగా, పదేండ్ల బాలిక యొకతె మా ప్రక్కకు వచ్చి, “అయ్యగారూ, ఈ మొసలికి కావలి ఉన్నడు గదా. మన వాగుకు కావలి ఎవరు?” అని అడిగెను. మేము చేతిలోని పులిహోరను చూచుచు ఊరకుంటిమి.

మా ఊరు నక్కవాగు దరినున్నది. ఆ వాగు ఇదే మంజీరలో, బ్యారేజికి దిగువన కలియును. ఎగువ నీటికి కంచెయు కావలియు ఉన్నవి. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో 1970ల దశాబ్దము మొదలుకొని రసాయనముల కర్మాగారములు, మందుల కర్మాగారములు వెలసినవి. వాటి మురుగు వాగులలో పడి, బావులు రంగు మారినవి, వరి పండలేదు, గేదెలు ఈచుకపోయినవి. పటాన్‌చెరులో వైద్యుడైన అల్లాని కిషన్‌రావు గారు ఈ విషయమై అనేక సంవత్సరములు పోరాడిరి. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడెను. న్యాయస్థానపు ఆజ్ఞవలన కొన్ని గ్రామముల రైతులకు నష్టపరిహారము ముట్టినది. మురుగును శుద్ధిచేయు కేంద్రమును ఏర్పడినది. అయితే 2007లో స్వీడను దేశపు పరిశోధకులు ఒక లెక్క ప్రకటించిరి. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగు వచ్చి చేరు ఆ కేంద్రమునుండి శుద్ధియైన పిమ్మట వెలువడిన నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెనట. మన తల్లులకు తెలియునట్లు చెప్పవలెనన్న, పదునారు లీటర్లు పట్టు బిందెడు నీటిలో 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కరిగి యున్నట్టు. మందే గదా యని కొందరందురు. వాగులోని సూక్ష్మజీవులు ఆ మందులో బ్రతుకుట నేర్చుకొన్నయెడల, రేపు మన బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు అదే మాత్ర పనిచేయకపోవచ్చును. అటుపిమ్మట ఆ నీటిని గొట్టములద్వారా నగరపు మురుగునీటి కేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది. నాటికంటె నేడు కొంత మేలని మా ఊరివారే చెప్పుదురు. అయినను వానకాలపు రాత్రులలో వచ్చు వాసన మా ముక్కులకు తెలియును.

మా సంఘపెద్దలలో డెబ్బది దాటినవారొకరు, తాము చిన్నతనమున ఈ వాగులో చేతులతో కొఱ్ఱమట్టలు పట్టితిమనియు, బాప్తిస్మములు ఇందులోనే జరిగెడివనియు చెప్పుదురు. ఇప్పుడు బాప్తిస్మమునకు ట్యాంకరు నీరు తెప్పించి సిమెంటు తొట్టి నింపుచున్నాము. పదునాలుగేండ్లుగా ఈ సంఘములో పరిచర్య చేయుచు, మేము కంపెనీలలో ఉద్యోగములకొరకు ఎన్నిసార్లో ప్రార్థించితిమి. వాగుకొరకు ఒక్కసారియు ప్రార్థించలేదు. ఆ బాలిక ప్రశ్నకు పిమ్మట గాని ఇది మాకు తోచలేదు.

మూడవ దినము రాత్రి ఆ బాలిక తండ్రి మా ఇంటికి వచ్చెను. ఆయన అనుమతితోనే దీనిని వ్రాయుచున్నాము. ఊరి పేరుగాని కంపెనీ పేరుగాని వ్రాయుటలేదు. ఆయన తొమ్మిదేండ్లుగా ఒక కంపెనీలో కాంట్రాక్టు కూలి. బిడ్డ అడిగిన మాట బండిలో ఆయనయు వినెను. చాలసేపు నేల చూచుచు కూర్చుండి, “అయ్యగారూ, పెద్ద వాన కొట్టిన రాత్రి సూపర్‌వైజరు చెప్తడు, వాల్వు తిప్పుమని. తొట్టిల నీళ్లు వాన కాల్వల పడతయి. వానల కలిసిపోతదిలే అంటడు. తిప్పేది నా చెయ్యే. నౌకరి ఇడిసిపెట్టన్నా?” అనెను.

మేము వెంటనే ఏమియు చెప్పలేకపోతిమి. ఆలయములో తిరుగుచున్న పంకాలలో రెండు ఆయన మొదటి జీతపు కృతజ్ఞతార్పణ. ఆ దినమున వాటిని ప్రతిష్ఠించి ప్రార్థించినది మేమే. ముగ్గురు పిల్లలు, అద్దె యిల్లు, తల్లికి చక్కెర వ్యాధి మందులు. విడిచిపెట్టుమనుట గురుపీఠమునుండి సులభము.

ఆ రాత్రి లూకా 3వ అధ్యాయము ఆయనతో కలిసి చదివితిమి. సుంకరులు, సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను నొద్దకు వచ్చి, మేమేమి చేయవలెనని అడిగిరి. ఉద్యోగము మానుడని ఆయన వారితో చెప్పలేదు. చేయుచున్నట్లే చేయుడనియు చెప్పలేదు. ఆ ఉద్యోగములోనే అన్యాయము చేయకుడని చెప్పెను. ఇంతవరకు మేము అనేకసార్లు ప్రసంగించియున్నాము. అయితే అన్యాయము చేయనన్న కూలివానిని మరునాడు గేటులోనికి రానీయరు. ఈ సంగతిని మా ప్రసంగములు ఎన్నడును ముట్టలేదు. ఆయన తన చూపుడువ్రేలితో వచనములు వెంబడించుచు పైకి పోయి, 11వ వచనము నొద్ద ఆగెను. సుంకరులకంటె, సైనికులకంటె ముందుగా జనసమూహము అడిగెను, వారికి ముందుగా జవాబు దొరకెను. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఇయ్యవలెను, ఆహారమున్నవాడును అట్లే. ఈ వరుసను మేము అంతకుముందు గమనించలేదు. జనులు అంగీ పంచుకొనుటకు సిద్ధపడిన చోట సైనికుడు తన చెయ్యి వెనుకకు తీసికొనగలడు. లేని చోట ఆ యాజ్ఞ ఆయనకు మోయరాని బరువు.

తరువాతి ఆదివారము పెద్దలను, స్త్రీల సమాజమును కూర్చుండబెట్టి, మనిషి పేరు చెప్పక సంగతి చెప్పితిమి. అందరును సమ్మతించలేదు. “రేపు మన పోరగాళ్లకు ఆ గేట్ల కాడ పని దొరకదు అయ్యగారూ” అని ఒక పెద్ద గట్టిగా అనెను. ఆయన కుమారులిద్దరును అక్కడనే పనిచేయుచున్నారు, ఆయన భయము అబద్ధపు భయము కాదు. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు వ్రాయు విషయము ఆ కూటములో తేలలేదు. ఫిర్యాదు వ్రాయుటకు పెద్ద చదువు అక్కరలేదనియు, తేది, గంట, స్థలము, నీటి రంగు, వాసన, చచ్చిన చేపలుంటే వాటి సంగతి, ఇవి ఒక నోటుపుస్తకములో వెంటవెంటనే వ్రాసిపెట్టుకొనవలెననియు చెప్పితిమి. ఇద్దరు యౌవనస్థులు పుస్తకము కొనిరి. అందులో ఇప్పటికి రెండు రాత్రులు వ్రాయబడినవి.

స్త్రీలు అంతసేపు తర్కింపలేదు. మేకల మాట చెప్పిన ఆ ముసలితల్లియే లేచి, పిడికెడు బియ్యపు డబ్బా ప్రక్కన ఇంకొక డబ్బా పెట్టుదమనెను. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు దేవుని పేరట తీయు పిడికిలి గాక, రెండవ పిడికిలి దీనిలో పోయవలెను. చేతిపని పోగొట్టుకొన్న ఇంటికి అది పోవును. ఎవరి ఇల్లని ఆమె అడుగలేదు.

ఆ సహోదరుడు రాత్రిపని మాన్పి పగటి లోడింగు పనిలో వేయుమని సూపర్‌వైజరును అడిగెను. ఓవర్‌టైము డబ్బు పోవును. ఈ పత్రిక అచ్చుకు పోవునాటికి జవాబు రాలేదు. వానకాలమునకు ఇంకను కొన్ని నెలలున్నవి. రెండవ డబ్బా ఆలయపు గుమ్మము ప్రక్కన నున్నది, దానిమీద ఆ బాలిక సుద్దముక్కతో “వాగు” అని వ్రాసెను. నిన్న తూచగా పదకొండు కిలోలున్నవి.